పెట్టగానే గుర్తుపడుతుంది

శనివారం పొద్దున లైన్‌మన్ పెట్టుకున్న పనులు మూడే. కాఫీ తాగడం, కంప్యూటర్‌లో కొత్త హార్డ్ డిస్కు పెట్టడం, స్నానం చేయడం. డిస్కు పనిలో దుమ్ము అంటుతుంది కాబట్టి స్నానం చివరికి వేసుకున్నాడు. పనికి ముందు స్నానం చేసేవాడు పని తెలియనివాడని ఆయన అభిప్రాయం. బతుకంతా కరెంటు స్తంభాలు ఎక్కి దిగిన మనిషి. ఉద్యోగం ముగిసి చాలాకాలమైనా, ఆ నాలుగంతస్తుల భవనంలో ఆయన్ని లైన్‌మన్ అనే పిలుస్తారు. అంతకు మించిన పేరు ఆయనకూ అక్కర్లేదు.

కంప్యూటర్ కొంతకాలంగా గరగరమంటోంది. మొదట్లో అప్పుడప్పుడూ దగ్గేది. ఇప్పుడు ఆన్ చేసింది మొదలు ఆపేదాకా గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు మూలుగుతోంది. ఆ చప్పుడు ఫోన్‌లో విని అల్లుడు రోగం పేరు చెప్పేశాడు.

"హార్డ్ డిస్కు పోతోంది మామయ్య గారూ. మీరేం ముట్టుకోకండి. ఆదివారం నేనొచ్చి ఆ డబ్బాని పాతసామాన్లవాడికి ఇచ్చేసి, కొత్త ల్యాప్‌టాప్ పెట్టేస్తా."

"అందులో ఆట ఉంది."

"ఆటదేముంది? కొత్తదాంట్లో అంతకన్నా మంచివి ఉంటాయి. స్కోరు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టుకోవచ్చు."

లైన్‌మన్ ఫోన్ పెట్టేశాడు. అల్లుడి మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా మండింది.

అది ఒక్కరే కూర్చుని ఆడుకునే పేకాట. గెలిచిన ప్రతిసారీ పేరు అడిగి, ఎక్కువ స్కోర్లు పదింటిని పట్టికలో చూపిస్తుంది. భార్య ఉన్న రోజుల్లో పేరు అడిగిన చోట ఆమె ఎప్పుడూ "నేనే" అని కొట్టేది. ఇంకెవరు గెలుస్తారన్నట్టు. ఆ పట్టికలో పై తొమ్మిది వరుసలూ "నేనే". అట్టడుగున ఒక్కచోట "లైన్‌మన్". "మీ చేతులు కరెంటుకే గానీ పేకకు పనికిరావు" అనేది ఆమె, కళ్ళు తెర మీంచి తీయకుండానే. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆయన రోజూ ఆడుతూనే ఉన్నాడు. పదో వరుస దాటి పైకి ఒక్క మెట్టు ఎక్కలేదు. స్తంభాలు ఎక్కినంత తేలిక కాదని ఒప్పుకోవడానికి ఆయన సిద్ధంగా లేడు.

ఆ డిస్కు పోతే ఆమె అంకెలు పోతాయి. అంకెలు పోతే ఆమెను ఓడించే దారి మూసుకుపోతుంది. అవతలివాళ్ళు లేరు కాబట్టి ఆట మనదే అనుకునే రకం కాదాయన.

అందుకే శుక్రవారం సాయంత్రం బజారుకు వెళ్ళి కొత్త డిస్కు తెచ్చాడు. పాతదాంట్లో ఉన్న ఆటను అంకెలతో సహా దీంట్లోకి కాపీ చేసుకుంటే, అల్లుడు ఆదివారం ఏ డబ్బాని ఎక్కడికి పంపినా భయం లేదు. కాపీ చేయడం ఆయనకు వచ్చు. ఆమే నేర్పింది, నాలుగుసార్లు విసుక్కుని.

"పెట్టాక ఏం చెయ్యాలి?" అని అడిగాడు షాపులో.

"ఏం చెయ్యక్కర్లేదండీ. పెట్టగానే గుర్తుపడుతుంది" అన్నాడు షాపువాడు, తలెత్తకుండా.

ఇక్కడ లైన్‌మన్ పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. భవనం మొత్తానికి కరెంటు వచ్చేది కింద మెట్ల వెనక ఉన్న ఇనుప పెట్టెలోంచి. అందులో మూడు పింగాణీ ఫ్యూజులు ఉంటాయి. ఇంట్లో ఏ తీగ మీద చెయ్యి వేయాలన్నా ఆయన ముందు కిందికి దిగి, ఆ మూడింటినీ పీకి, చొక్కా జేబులో వేసుకుని పైకి వస్తాడు. ఇంట్లో స్విచ్ ఉంది కదా అంటే, స్విచ్ ఎవడైనా వేస్తాడు అంటాడు. ప్లగ్గు పీకితే చాలదా అంటే, ప్లగ్గు ఎవడైనా పెడతాడు అంటాడు. జేబులో ఉన్న ఫ్యూజును మాత్రం ఆయన్ని దాటి ఎవరూ పెట్టలేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తోటివాడు స్తంభం మీద ఉండగా, వీధి చీకటిగా ఉందని కింద ఎవరో పుణ్యాత్ముడు స్విచ్ వేశాడు. లైన్‌మన్ అప్పటినుంచీ జేబును తప్ప దేన్నీ నమ్మలేదు. బల్బు మార్చినా, ఫ్యాను తుడిచినా, భవనం మొత్తం ఆరాల్సిందే. ఇన్నేళ్ళలో ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే అందులో తప్పు లేదనే కదా.

కాఫీ తాగి కిందికి దిగాడు. ఫ్యూజులు పీకాడు. పైకొచ్చి కంప్యూటర్ పక్క రేకు విప్పి, కిటికీ వెలుతురులో కొత్త డిస్కును దాని అరలో బిగించి, సన్నటి ఎర్ర తీగను దానికీ బోర్డుకూ తగిలించాడు. పని శుభ్రంగా కుదిరింది. జేబులో ఫ్యూజులతో మళ్ళీ కిందికి దిగుతుంటే, కింది అంతస్తులో క్లినిక్ నడిపే పంటి డాక్టరమ్మ తలకు దీపం కట్టుకుని ఎదురొచ్చింది. కరెంటు లేకపోయినా బ్యాటరీతో వెలిగే దీపం అది.

"దేవుడిలా వచ్చారు బాబాయి గారూ. కరెంటు పోయింది. లోపల పేషెంటు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. కాస్త చూస్తారా?"

"చూస్తా" అన్నాడు లైన్‌మన్.

చూశాడు. ఆమె లోపలికి వెళ్ళేసరికి ఫ్యూజులు పెట్టాడు. లైట్లు వెలిగాయి.

"మీరుండబట్టి సరిపోయింది" అని లోపల్నుంచి కేక వేసింది.

లైన్‌మన్ పెట్టె మూశాడు. అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. అడగనిదానికి జవాబు చెప్పడం అంతకన్నా చేతకాదు.

పైకొచ్చి కంప్యూటర్ ఆన్ చేశాడు. గరగర మొదలైంది. తెర మీద పాత డిస్కు కనిపించింది. కొత్తది లేదు. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. లేదు. షాపువాడు పెట్టగానే అన్నాడు, పెట్టి ఇంతసేపయింది. పిలిచి పీట వేయని ఇంట్లో చుట్టంలా కొత్త డిస్కు లోపల ఊరికే కూర్చుని ఉంది. టార్చి వేసి లోపలికి తొంగి చూస్తే సంగతి తెలిసింది. దానికి తగిలించాల్సిన తీగలు రెండు. ఒకటి మాట్లాడుకోవడానికి, ఒకటి కరెంటుకు. కరెంటు తీగ పక్కన వేలాడుతోంది.

బతుకంతా ఊరందరికీ కరెంటు ఇచ్చిన మనిషి దానికి ఇవ్వడం మరిచిపోయాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని అక్కడికక్కడే నిర్ణయించుకుని, మళ్ళీ కిందికి దిగి, మళ్ళీ ఫ్యూజులు పీకాడు.

ఈసారి తీగ తగిలించి కిందికి వచ్చేసరికి ఇనుప పెట్టె ముందు చిన్న గుంపు చేరి ఉంది. క్లినిక్‌లో వంతు కోసం కూర్చున్నవాళ్ళు, దవడలు పట్టుకుని, చీకటి గదిలో కూర్చోలేక బయటికొచ్చారు. వాళ్ళ మధ్య డాక్టరమ్మ.

"మళ్ళీ పోయింది బాబాయి గారూ. ఇలా మాటిమాటికీ పోతే ఎలాగని కరెంటు ఆఫీసుకు ఫోన్ చేశాను. మీ శిష్యుడేనట, వెంటనే వస్తానన్నాడు."

"వాడెందుకు? దండగ" అంటూ లైన్‌మన్ గుంపును పక్కకు జరిపి, పెట్టె తలుపును తన వీపుతో మూసినట్టు నిలబడి, జేబులో చెయ్యి పెట్టాడు. ఇంతమంది కళ్ళ ముందు జేబులోంచి ఫ్యూజులు తీయడం, పెళ్ళిలో చెప్పులు దాచినవాడు అందరి ముందూ బయటపెట్టినట్టు ఉంటుంది. ఒకటి పెట్టాడు. రెండోది పెట్టాడు. లైట్లు వెలిగాయి.

"వచ్చింది, వచ్చింది" అన్నారు దవడలు పట్టుకున్నవాళ్ళు.

వచ్చిందన్నాక ఇంకా తడుముతూ నిలబడటం మర్యాద కాదనిపించింది. పెట్టె మూసేశాడు. ఒకాయన నమస్కారం పెట్టాడు. లైన్‌మన్ తల ఊపి, ఆ మర్యాదలో మూడో ఫ్యూజు సంగతే మరిచిపోయి, అది జేబులో అలాగే ఉండగా మెట్లెక్కాడు.

ఒక్కో ఫ్యూజు మీద ఒక్కో ఫేజు కరెంటు వస్తుంది. ఇళ్ళలో దీపాలకు ఏదో ఒక ఫేజు చాలు. లిఫ్టుకు మూడూ కావాలి. రెండో అంతస్తు దాకా వచ్చేసరికి గోడలోంచి గంట మోగుతోంది. గంటతోపాటు పైనెక్కడినుంచో గొంతు.

"ఎవరైనా ఉన్నారా బయట?"

అది అసోసియేషన్ ప్రెసిడెంటు గొంతు. పై అంతస్తులో ఉంటాడు. కరెంటు పోయినప్పుడు లిఫ్టులో ఉండి, రెండుకూ మూడుకూ మధ్య ఆగిపోయాడు.

"ఉన్నా" అన్నాడు లైన్‌మన్.

"లైన్‌మన్ గారా? కరెంటు ఇంకా రాలేదా?"

"వచ్చింది. మెట్ల మీద లైటు వెలుగుతోంది."

"మరి లిఫ్టు కదలదేంటండీ?"

"లిఫ్టు అసోసియేషన్‌ది. ప్రెసిడెంటు మీరు. బాగు చేయించమని కిందటి మీటింగులోనే చెప్పా."

"చెప్పారు సరే, ఇప్పుడేం చెయ్యమంటారు?"

"మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి. లోపల సిగ్నల్ ఉంటుంది."

లైన్‌మన్ ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మనసులో కాస్త తృప్తిగా కూడా ఉంది. లిఫ్టు మంచిది కాదని ఆయన ఎప్పటినుంచో చెబుతున్నాడు.

కంప్యూటర్ ఆన్ చేశాడు. చెవి ఆనించి విన్నాడు. కొత్త డిస్కు లోపల సన్నగా తిరుగుతోంది. అంటే కరెంటు అందింది. తీగలు రెండూ గట్టిగా ఉన్నాయి. తెర మీద మాత్రం అది లేదు. ఇక తప్పు తనది కాదు, కంప్యూటర్‌ది. ఇన్నేళ్ళు ఇంట్లో ఉండి, తిండి తిని, ఒక్క కొత్త మొహాన్ని గుర్తుపట్టమంటే మొహం తిప్పుకుంటోంది. "గుర్తుపట్టే దాకా లేచేది లేదు" అన్నాడు దానితో, పైకే.

తలుపు తట్టిన చప్పుడైంది. డాక్టరమ్మ. తల మీద దీపం, చేతిలో సన్న పట్టకారు. ఆమె వెనక మెడకు తెల్ల గుడ్డ కట్టుకుని, మూతి ఒక పక్కకు జారిపోయి, ఒక మనిషి.

"లైట్లు వెలుగుతున్నాయి గానీ నా కుర్చీ లేవట్లేదు బాబాయి గారూ. వెనక్కి వాలిపోయి అలాగే ఉండిపోయింది. ఈయన్ని పక్కనుంచి జార్చి దింపాల్సి వచ్చింది. కాస్త వచ్చి చూడండి."

"ఈ పని అవ్వగానే వస్తా."

"ఏంటి ఆ చప్పుడు?"

"డిస్కు పోతోంది. అల్లుడు చెప్పాడు."

ఆమె తల దీపం వెలిగించి, రేకు విప్పిన కంప్యూటర్ లోపలికి వంగింది. నోరు చూసినట్టే చూసింది, ఒక పక్కనుంచి మొదలుపెట్టి ఇంకో పక్క దాకా.

"నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగంమంది నొప్పి లేని పన్నే చూపిస్తారు" అంది. "డిస్కు బాగానే ఉంది. పక్కన ఫ్యాను రెక్కకు ఒక తీగ తగులుతోంది. అదీ గరగర."

"ముట్టుకోవద్దు. కరెంటు ఉంది" అని లైన్‌మన్ అనేలోపే ఆమె పట్టకారుతో తీగను పక్కకు తప్పించింది. చప్పుడు ఆగిపోయింది. గదిలో ఇన్నాళ్ళ తర్వాత నిశ్శబ్దం. లైన్‌మన్ ఆ పిల్ల ఇంకా నిలబడే ఉందని రూఢి చేసుకున్నాడు. ఆయన పద్ధతికి అంత అవమానం ఎన్నడూ జరగలేదు.

"అయితే ఇంక కొత్తది అక్కర్లేదు కదా" అంది ఆమె.

"తెచ్చా. పెట్టా. గుర్తుపట్టాల్సిందే. రేపు అల్లుడు డబ్బా ఎత్తుకుపోడానికి వస్తున్నాడు."

మూతి జారిన పేషెంటు గొంతులోంచి ఏదో శబ్దం చేశాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. తనను చూపించుకున్నాడు, కంప్యూటర్‌ను చూపించాడు, చేతులతో టైపు కొట్టినట్టు ఆడించాడు. కంప్యూటర్ల పనే ఆయన పని అని డాక్టరమ్మ చెప్పింది. పేషెంటు మౌసు మీదికి చెయ్యి చాపాడు. లైన్‌మన్ ఆ చేతిని పక్కకు పెట్టాడు.

"నా కంప్యూటర్ మీద నా చెయ్యే. మీరు నోటితో చెప్పండి."

"నోటికి మత్తిచ్చాను బాబాయి గారూ."

"అయితే వేలితో చెప్పండి."

పేషెంటు వేలితో చెప్పాడు. ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు, కిందికి రా. ఎన్నడూ చూడని కిటికీ ఒకటి తెర మీద తెరుచుకుంది. అందులో పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ. పాత డిస్కు ఒకటి, కొత్త డిస్కు ఒకటి. కొత్తదాన్ని ఎంచుకుని వాడకానికి సిద్ధం చేస్తే చాలు. అంతవరకూ కంప్యూటర్‌కు అది కనిపిస్తున్నా, ఇల్లుగా లెక్కలోకి రాదు. పేషెంటు ఒక వేలు ఎత్తి చూపించాడు. ఒకటి.

కంప్యూటర్లవాళ్ళు లెక్క సున్నా నుంచి మొదలుపెడతారు. పాత డిస్కు సున్నా, కొత్తది ఒకటి. లైన్‌మన్ చిన్నప్పుడు చదువుకున్న బడిలో లెక్క ఒకటి నుంచే మొదలయ్యేది. ఆయన పై పట్టీని పట్టుకున్నాడు.

అందులో రెండు గడులున్నాయి. మొదటి గడిని చెరిపి సిద్ధం చెయ్యమంటే కుదరదంది. మొండికేస్తోందనుకుని పక్క గడి నొక్కాడు. ఆట ఉండేది ఆ గడిలోనే. ఇది కుదురుతుందంది. ఇందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది.

పేషెంటు రెండు చేతులూ ఊపాడు. తల అడ్డంగా తిప్పాడు. కుర్చీ వెనక్కి లాగబోయాడు.

"నొప్పిగా ఉందా?" అని డాక్టరమ్మ ఆయన భుజాలు గట్టిగా పట్టుకుంది. "మత్తు దిగుతున్నట్టుంది. ఓర్చుకోండి, ఊగకండి."

కొత్తదాంట్లో చెరగడానికి ఏముంటుందనుకుని లైన్‌మన్ బాణం గుర్తును సరే మీదికి తెచ్చాడు. ఆ పాత డిస్కుకు రోగమేమీ లేదు. ఆ రోజు దానికున్న ప్రమాదం ఒక్కటే. అది దాని ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది.

వేలు వంచాడు. తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది.

లైన్‌మన్ కుర్చీ వెనక్కి తన్నుకుని లేచాడు. ఈసారి పీకింది తను కాదు. ఆయన మెట్లు దిగిన వేగానికి డాక్టరమ్మా పేషెంటూ వెనక పరుగెత్తాల్సి వచ్చింది. కింద ఇనుప పెట్టె తెరిచి ఉంది. దాని ముందు కరెంటు ఆఫీసు చొక్కా వేసుకుని, చెంపలు నెరిసిన శిష్యుడు నిలబడి ఉన్నాడు.

"ఎవర్నడిగి తీశావ్?" అన్నాడు లైన్‌మన్. "పైన మనుషులు పని చేసుకుంటుంటారన్న ఇంగితం అక్కర్లేదా? చెప్పాపెట్టకుండా ఫ్యూజు పీకుతారా ఎవరైనా? నీకు పని నేర్పిన వాణ్ణి అనాలి."

"బాగా అడిగారు" అన్నారు దవడలు పట్టుకున్నవాళ్ళు.

శిష్యుడు చేతులు కట్టుకున్నాడు. "నేర్పింది మీరే కదా గురువుగారూ. ముందు పీకు, జేబులో వెయ్యి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు అన్నారు." చొక్కా జేబులోంచి ఫ్యూజులు తీసి చూపించాడు. "అది కాదు గానీ, రెండే ఉన్నాయండీ. మూడోది లేదు. అందుకే లిఫ్టు ఆగింది, డాక్టరమ్మ గారి కుర్చీ ఆగింది. ఎవడో పీకి పట్టుకుపోయాడు."

"పింగాణీ ముక్క ఎవడికి కావాలండీ?" అన్నాడు ఒకాయన.

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఏ పనికిమాలినవాడో" అన్నాడు శిష్యుడు.

పేషెంటు వేలెత్తాడు. ఈసారి ఆ వేలు ఏం చెబుతోందో ఎవరికీ అనుమానం రాలేదు. లైన్‌మన్ చొక్కా జేబు ఒక పక్కకు బరువుగా వేలాడుతోంది. పైన లిఫ్టు గంట మోగుతూనే ఉంది.

లైన్‌మన్ ఫ్యూజు బయటికి తీశాడు. శిష్యుడి చేతిలోని రెండూ తీసుకున్నాడు. మూడూ వరసగా పెట్టాడు. తొందరపడలేదు. లిఫ్టు కదిలి, కిందికొచ్చి, తలుపు తెరుచుకుంది. ప్రెసిడెంటు చెమటతో తడిసిపోయి ఉన్నాడు. మనవరాలి కోసం కొన్న ఐస్‌క్రీం డబ్బాలోంచి మోచేతి మీదుగా కారుతోంది.

శిష్యుడు తల వంచుకుని, తను కారణం కాదని తేలేలా రెండు ముక్కల్లో జరిగింది చెప్పాడు.

"పొద్దుటినుంచీ కరెంటు తీస్తున్నది మీరా?" అన్నాడు ప్రెసిడెంటు.

"నేనే."

"ఎందుకు?"

"హార్డ్ డిస్కు పెట్టడానికి."

"దానికి ప్లగ్గు పీకితే చాలదా?"

"చాలు."

"మరి?"

"ప్లగ్గు చాలనుకున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో ఒక్కడు కూడా ఇలా నిలబడి మీకు జవాబు చెప్పడానికి మిగల్లేదు."

ప్రెసిడెంటు ఐస్‌క్రీం డబ్బా నేల మీద పెట్టాడు. "ఇంతమందిని ఇబ్బంది పెట్టారు. అందరికీ క్షమాపణ చెప్పండి."

"చెప్పను. ఇన్నేళ్ళూ ఇలాగే పీకా. అప్పుడు ఒక్కరైనా అడిగారా?"

డాక్టరమ్మ తల దీపం ఆర్పేసి నెమ్మదిగా అంది.

"ఇన్నేళ్ళూ పిన్నిగారు ముందే వచ్చి చెప్పేవారు బాబాయి గారూ. 'ఆయన బల్బు మారుస్తున్నారమ్మా, కాసేపు డ్రిల్లు ఆపుకో' అనేవారు. అందరిళ్ళకూ వెళ్ళేవారు. ఆ తర్వాత ఎవరూ ఎక్కకుండా లిఫ్టు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు."

"మా ఇంటికీ వచ్చేవారు. ఇవాళ చెప్పేవాళ్ళు లేక, మామూలుగానే కరెంటు పోయిందనుకున్నాం" అన్నాడు ప్రెసిడెంటు, ఒప్పుకోక తప్పనట్టు.

అందరికీ తెలిసిన సంగతి. లైన్‌మన్‌కు మాత్రమే తెలియదు. ఆయన ఫ్యూజులతో పైకొచ్చేసరికి ఆమె ఇంట్లో ఉండేది కాదు. పక్కింట్లో కబుర్లకు పోయిందనుకుని, తిరిగొచ్చాక విసుక్కునేవాడు. ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆమె పోయిన ఈ మూడేళ్ళలో ఫ్యూజులు పీకాల్సిన పని పడింది ఇవాళే. క్షమాపణ చెప్పకుండానే ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పన్ను పని ముగిశాక పేషెంటు మళ్ళీ పైకొచ్చాడు. మూతి ఇంకా సగమే తన స్వాధీనంలో ఉంది. ఆ కిటికీ మళ్ళీ తెరిపించి, మాట పెగలక, పిడికిలి బిగించి పై పట్టీని చూపించాడు: సున్నా. ఒక వేలెత్తి కింది పట్టీని చూపించాడు: ఒకటి. లైన్‌మన్ ఆ పిడికిలినీ ఆ వేలునూ చాలాసేపు చూశాడు. కరెంటు పోకపోయి ఉంటే తన వేలు ఏం చేసి ఉండేదో అప్పుడు బోధపడింది. లేచి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"కూర్చోండి" అన్నాడు. ఆ కుర్చీలో ఆయన మూడేళ్ళుగా ఇంకెవర్నీ కూర్చోనివ్వలేదు.

పేషెంటు కూర్చుని నాలుగు చోట్ల నొక్కాడు. కొత్త డిస్కు తెర మీదికి వచ్చి, పాతదాని పక్కన పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నట్టు నిలబడింది. లైన్‌మన్ ఆటను అంకెలతో సహా దానిలోకి కాపీ చేయించాడు. తెరిచి చూపించమన్నాడు. పట్టిక వచ్చింది. తొమ్మిది "నేనే", ఒక "లైన్‌మన్". అన్నీ భద్రం. థాంక్స్ అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. దానికి బదులు కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

కప్పులతో తిరిగొచ్చేసరికి పేషెంటు ఆట ఆడుతున్నాడు. ఆడుతున్నాడు కాదు, అప్పుడే గెలిచాడు. పేకముక్కలు తెర మీద గంతులేస్తున్నాయి. పట్టికలో పై వరుసలో కొత్త అంకె ఒకటి ఉంది, ఆమె అంకెలన్నిటికన్నా పెద్దది. దాని పక్కన పేరు: "నేనే".

"బావుందండీ ఆట" అన్నాడు పేషెంటు. మాట ఒక పక్కనుంచే వచ్చింది. "ఈ నేనే ఎవరు?"

"మా ఆవిడ."

"అయ్యో. పేరు అడిగితే ఎంటర్ కొట్టేశాను. పాత పేరే పడింది."

"ఆమె ఈ ఆట ఆడలేదు."

"ఆడలేదండీ. నేనే." పేషెంటు కాఫీ తాగబోతే మూతి మొద్దుబారిన పక్కనుంచి గుడ్డ మీదికి కారింది. "కొత్త డిస్కులోనే కదా పడింది. పాతదాంట్లో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కావాలంటే దీంట్లోది డిలీట్ చేసేస్తా."

"ఆమె పేరు మీద డిలీట్ కొట్టను."

"మరెలా?"

లైన్‌మన్ కంప్యూటర్ ఆపేశాడు. "ఓడితే ఆమె చేతిలో ఓడతా. మీ చేతిలో ఎందుకు ఓడాలి?"

కప్పు దించి, ఇంట్లోంచి ఒక కుర్చీ పట్టుకుని బయటికి నడిచాడు. పేషెంటు వెనకే వెళ్ళాడు. లిఫ్టు ముందు కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టి, "ఎవర్నీ ఎక్కనివ్వకండి. మాట రాకపోయినా ఫరవాలేదు, అడ్డం ఉంటే చాలు" అని చెప్పాడు. ఆ తర్వాత జీవితంలో మొదటిసారి ఒక్కో తలుపూ తట్టాడు. డాక్టరమ్మకు డ్రిల్లు ఆపుకోమన్నాడు. చివరికి పై అంతస్తుకు వెళ్ళాడు. ప్రెసిడెంటు చొక్కా మార్చుకుని ఉన్నాడు.

"కాసేపు కరెంటు పోతుంది. లిఫ్టు ఎక్కొద్దు."

"మళ్ళీ ఎందుకండీ?"

"హార్డ్ డిస్కు తియ్యాలి."

"పొద్దుటినుంచీ దాన్ని పెట్టడానికే కదా ఈ గొడవంతా?"

"పెట్టా. గుర్తుపట్టింది. ఇప్పుడు తీస్తా."

ప్రెసిడెంటు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "అంటే ఇలా ఇంటింటికీ వచ్చి చెప్పడం, క్షమాపణ అనుకోవచ్చా?"

"కాదు. సమాచారం."

కిందికి దిగి మూడు ఫ్యూజులూ పీకాడు. పైకొచ్చి డిస్కు తీసి రేకు బిగించాడు. మళ్ళీ కిందికి వెళ్ళి మూడూ పెట్టాడు. ఈసారి అందరూ చూస్తుండగా, ఒక్కొక్కటీ జేబులోంచి తీసి, పైకి లెక్కపెట్టి మరీ పెట్టాడు. ఒకటి నుంచే.

సాయంత్రం అల్లుడు ఫోన్ చేశాడు. "డిస్కు ఏమైనా ముట్టుకున్నారా మామయ్య గారూ?"

"పెట్టా. గుర్తుపట్టింది. తీసేశా."

"తీసేశారా? ఎందుకు?"

"నాకు నచ్చలేదు. డబ్బాకు రోగం లేదు, ఫ్యానుకు తీగ తగిలింది. పళ్ళ డాక్టరమ్మ చూసి చెప్పింది."

"మరి రేపు నేను ల్యాప్‌టాప్ తేనా?"

"తెచ్చుకోండి. మీరు ఆడుకోవచ్చు."

ఫోన్ పెట్టేసి, పొద్దుటినుంచీ వాయిదా పడ్డ స్నానం చేసి, ఆటకు కూర్చున్నాడు. కంప్యూటర్ చప్పుడు లేకుండా నడిచింది. పట్టికలో తొమ్మిది వరుసలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఆడాడు. ఓడిపోయాడు. ఇంకోటి వేశాడు. అదీ పోయింది. "నవ్వకు" అన్నాడు తెరతో, ముక్కలు మళ్ళీ పంచుతూ.

కొత్త హార్డ్ డిస్కు ప్రస్తుతం బాల్కనీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా ఉంది. తలుపు దాన్ని పెట్టగానే గుర్తుపట్టింది.